పరశురాములు తెచ్చుకున్న కొత్తది

జలపతి నోటికి తాళం వేసే మొనగాడు సిరిసిల్లలో ఇంకా పుట్టలేదని పరశురాములు ఇప్పటికీ తిట్టుకుంటాడు. సైకిలుకు చీరల మూట కట్టుకుని ఊరూరా అమ్ముకునే జలపతి, చీరతో పాటు ఒక ఊరి ముచ్చటను ఇంకో ఊరికి ఉత్తపుణ్యానికి చేరవేస్తాడు. చీరకైతే కొలత తప్పడు. ముచ్చటకే తప్పుతాడు.

ఆ రోజు పొద్దున పరశురాములు అనుకున్న పని చాలా చిన్నది. చీరల బేళ్లు పికప్ బండికెత్తుకుని కోరుట్ల పోవాలి. బజార్లో బేళ్లు దించేముందు మెకానిక్ సామేలును కలిసి, బండి వెనక డిఫరెన్స్ మార్చే సంగతి మాట్లాడాలి. అంతే. జలపతి కూడా కోరుట్లకే వస్తానంటే ఎక్కించుకున్నాడు. ముందు సీటు ఖాళీగానే ఉన్నా అందులో కూర్చోనివ్వలేదు. అది భార్య నీల సీటు. చిరిగిన రెగ్జిన్ కనపడకుండా ఆమె పరిచిన ఎర్ర టువ్వాల నాలుగు నెలలుగా మడత నలగకుండా ఉంది. జలపతి గొణుక్కుంటూ వెనక బేళ్ల మీద పడుకున్నాడు.

డిఫరెన్స్ అంటే వెనక ఇరుసు నడుమ ఉండే ఇనుప ఉండ. ఇంజను బలాన్ని రెండు చక్రాలకు పంచి ఇచ్చేది అదే. తారు రోడ్డు మీద దానికి వంక పెట్టలేం. బురదలో దిగితే దాని బుద్ధి బయటపడుతుంది. జారే చక్రానికే బలమంతా ధారపోస్తుంది. అది గిరగిరా తిరుగుతుంటే, రెండోది పెళ్లిలో అలిగిన మేనమామలా కదలకుండా కూర్చుంటుంది.

తొలకరిలో నీలను పుట్టింటికి తీసుకుపోతుంటే జరిగింది కూడా అదే. బోయినపల్లి దాటి కోసెడు రేగడి దారి. బండి దిగబడింది. కొత్త చీర కట్టుకున్న నీల దిగి వెనక నుంచి నెట్టింది. జారిన చక్రం ఆమెను కాళ్ల నుంచి కొప్పు దాకా నల్లగా పూసేసింది. పుట్టింటి వాడకట్టంతా వచ్చి చూసి నవ్వింది. "నీ బండి మా ఇంటి ముందట వచ్చి ఆగిననాడు ఎక్కుత. అందాక నన్ను పిల్వకు" అని చెప్పి ఆమె నడిచి పోయింది. బట్ట నేసే సాంచెల మోతలో వినపడాలని నీల అతడిని గట్టిగా కేకేసి పిలిచేది. ఇప్పుడు కరెంటు పోయి సాంచెలన్నీ ఆగినా పిలిచేవాళ్లు లేరు.

సామేలు బండి కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"అయితే పాతది వద్దా?"

"వద్దే సామేలన్నా. కష్టమొచ్చిన కాడ చేతులెత్తేస్తది. దాంతోని ఇగ నాతోని గాదు."

"నా నజర్ల మూడున్నయి. ఒకటి గిక్కడనే ఉన్నది. లోపల వెల్డింగ్ కొట్టింది. అగ్గువకొస్తది గని మొండిది. మూలమలుపుల తిప్పితే తిరగది, టైర్లు తింటది."

"రోజు ఎంబడి ఉండేదన్నా. మొండిదాంతోని ఎట్ల ఏగాలె?"

"ఇంకోటి చెప్తేనే వింటది. హ్యాండిల్ గుంజితే పట్టుకుంటది, లేకుంటే లేదు."

"నా మతిమరుపు నీకెర్కనే గదా. మూడోదో?"

"అది జగిత్యాలల ఉన్నది. మిలిటరోని దగ్గర ఉండి వచ్చింది. అయినా మంచిగున్నది. లోపల పట్టు బిళ్లలుంటయి. జారుతున్నవని తెలిస్తే చెప్పకున్నా నిన్ను పట్టుకుంటది. పిరం మాత్రం."

"గదే గావాలె. భూమి అమ్మన్నా తెచ్చుకుంట."

బేళ్ల మీద జలపతికి సగం నిద్ర పట్టింది. ఇంజను ఆగినా అతడి చెవులు మాత్రం ఆగలేదు.

మర్నాడే జలపతి నీల పుట్టింటి అరుగు మీద మూట విప్పాడు. చీరలు తర్వాత చూపించాడు.

"గౌరవ్వత్తా, నీ అల్లుడు కొత్తదాన్ని తెచ్చుకుంటుండు."

"ఎవతెరా అది?" అంది గౌరవ్వ.

"పేరు చెప్పలే. జగిత్యాలల ఉంటదట. ఎవడో మిలిటరోని దగ్గర ఉండి వచ్చిందట. మూడింటిని చూసి దాన్నే ఖాయం జేసిండు."

గడపలో నిలబడ్డ నీల మెల్లగా అడిగింది. "నా గురించి ఏమన్నన్నడా?"

"కష్టమొచ్చిన కాడ చేతులెత్తేస్తదన్నడు."

నీల లోపలికి పోయింది. ఆ పూట పొయ్యి వెలిగించలేదు.

ఆ రోజుల్లో ఆ పల్లెల్లో మొగుడి మీద ఫిర్యాదు స్టేషనుకు పోయేది కాదు. అడవిలో ఉన్న అన్నలకు పోయేది. గౌరవ్వ కబురు పంపింది.

ఇదేమీ తెలియని పరశురాములు భూమి అమ్మాడు. జగిత్యాల పోయి కొత్త డిఫరెన్స్ బిగించుకున్నాడు. అట్నుంచి అటే అత్తగారి ఊరికి తిప్పాడు. రేగడి దారి మొదట్లో గేరు తగ్గించాడు. బండి జర్రున జారింది, అంతలోనే వెనక ఎవరో చెయ్యి పట్టి ఆపినట్టు నిలదొక్కుకుంది. రెండు చక్రాలూ కలిసి లాగాయి. పరశురాములు పక్క సీటు మీది ఎర్ర టువ్వాలతో, "చూసినవా?" అన్నాడు.

ఊళ్లోకి వస్తే గౌరవ్వ ఇంటి ముందు వాడకట్టంతా గుమిగూడి ఉంది. బండి వస్తుందని ముందే తెలిసిపోయినట్టుందని మురిసిపోయాడు. దిగాక కనపడ్డాయి తుపాకులు. మంచం మీద దళం నడిపే అక్క కూర్చుని ఉంది.

"నిన్ను రమ్మని కబురు పంపబోతున్నం. నువ్వే వచ్చినవు," అంది అక్క. "కొత్తదాన్ని తెచ్చుకున్నది నిజమేనా?"

"నిజమే అక్కా."

"సిగ్గులేకుంట చెప్తున్నవు. ఎక్కడున్నది?"

"బండిలనే ఉన్నదక్కా."

అందరూ ముందు సీటు వైపు చూశారు. టువ్వాల తప్ప ఏమీ లేదు.

"దిగుమను."

"ఎట్ల దిగుతదక్కా, బోల్ట్‌లు గట్టిగ బిగించి తెచ్చిన. చూడాల్నంటే కిందికి వంగాలె."

గౌరవ్వ గుండె బాదుకుంది. "ఎవలి బిడ్డనో బండి కింద కట్టేసి తెచ్చిండు, అవ్వా."

అక్క సైగ చేస్తే ఒక దళం మనిషి తుపాకీ పక్కవాడికిచ్చి బండి కిందికి పాకాడు. కాసేపటికి లోపలి నుంచే అన్నాడు, "ఇనుపదక్కా. గుండ్రంగున్నది. నూనె కారుతలేదు."

వాడకట్టు నవ్వడం మొదలుపెట్టింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఆమె ఒంటి మీద కొంగు లేదు, ప్యాంటూ చొక్కా. అందుకని దగ్గింది. పరశురాములుకు అసలు సంగతి అప్పుడు అర్థమైంది. అతడు నీల కోసం జనంలో వెతికాడు. ఆమె కట్టుబట్టల సంచితో అప్పటికే గడప దిగుతోంది.

అక్క మాత్రం బండినే చూస్తోంది. "ఈ దారెంబడి ఎట్ల తెచ్చినవు? బురదల దిగవడదా?"

ఇన్నాళ్లకు అడిగిన మొదటి మనిషి. పరశురాములు ఛాతీ ఉబ్బింది. "దిగవడదక్కా. ఎంత లోడేసినా, ఎసుంటి అడివిల తిప్పినా."

"మంచిది," అంది అక్క లేస్తూ. "మాకు రెండు రోజులు పనున్నది. తాళం ఇయ్యి."

బండి బురదలో ఎక్కడా తడబడకుండా గుట్టల వైపు పోయింది. ఆ నడక చూసి పరశురాములు ఏడుస్తూనే మెచ్చుకున్నాడు.

నీల సంచి అతడి చేతికిచ్చింది. "నడువు."

"బండి వచ్చినంకనే ఎక్కుతంటివి గదనే?"

"కోపంల వంద అంటం. నడిచొచ్చి ఒక్కపారి పిలిస్తే ఆనాడే వస్తుంటి. నాలుగు నెలలు అరుగు మీద కూసున్న."

ఇద్దరూ చెప్పులు చేత పట్టుకుని రేగడిలో నడిచారు. పరశురాములు రెండుసార్లు జారాడు. రెండుసార్లూ ఆమె చెప్పకుండానే పట్టుకుంది.

బండి మూడో రోజు పోలీసులకు దొరికింది. అప్పటి నుంచి ఒక స్టేషను వెనక, కేసు తేలేదాకా, గాలి దిగిన టైర్ల మీద నిలబడి ఉంది. జగిత్యాల బస్సు అటుగా పోయేటప్పుడు నీల అతడి భుజం మీద తల వాల్చి కునుకుతుంది. నాలుగు నెలలు బండిలో కూర్చుని భార్య కోసం దారి చూసిన మనిషి, ఇప్పుడు భార్య పక్కన కూర్చుని బండి కోసం మెడ చాపుతాడు.

ఆ ఇనుప ఉండ కోసం పోయిన భూమి ఎకరం మీద ఏడు గుంటలు.