తలుపు పిడికి పసుపు రిబ్బను

ఆదివారం పొద్దున డ్రాయింగు మాస్టారికి ఒకటే పని. మూడో అంతస్తు గడియారాల తాతను బతిమాలి ఆయన ఇంటి రెండో తాళంచెవి తెచ్చుకోవాలి.

మాస్టారు ఆ అపార్టుమెంటులో సాయం సంఘం పెట్టాడు. నియమాలు రెండే. రాత్రి సంఘం వాళ్లు ప్రతి తలుపు పిడికి పసుపు రిబ్బను కడతారు. ఇంట్లోవాళ్లు పొద్దున లేవగానే దాన్ని విప్పి లోపలికి తీసుకోవాలి. విప్పలేదంటే లోపల ఏదో జరిగినట్టు. రెండోది, అలాంటప్పుడు తలుపు తియ్యడానికి ప్రతి ఇల్లూ ఒక తాళంచెవి సంఘానికి ఇవ్వాలి. రిబ్బనుకు అందరూ ఒప్పుకున్నారు, అది ఊరికే వచ్చింది కనక. తాళంచెవి అనేసరికి అందరిదీ ఒకటే జవాబు. "ముందు ఆ తాతను ఇమ్మనండి. తర్వాత మేమిస్తాం."

తాత ఎవరినీ నమ్మడు. భార్య పోయాక నమ్మాల్సిన అవసరమూ పోయింది. బాగుచెయ్యమని ఎవరైనా గడియారం తెస్తే, "దీన్ని ఎవరు పాడుచేశారు?" అని నిలదీసి గానీ మూత తియ్యడు.

సాయంత్రం మీటింగు. అప్పటికి ఒక్క తాళంచెవైనా రాకపోతే సంఘం మూసేస్తానని మాస్టారు అందరి ముందూ శపథం చేశాడు. "అయ్యో, వద్దు" అని ఒక్కరూ అనలేదు. ఆ బాధ ఇంకా తగ్గలేదు.

మూడో అంతస్తు ఎక్కేసరికి తాత తలుపుకు రిబ్బను అలాగే ఉంది.

మాస్టారు తలుపు కొట్టాడు. పిలిచాడు. జవాబు లేదు. చెవి ఆనిస్తే లోపల నీళ్లు పడుతున్న చప్పుడు. తలుపులోనే బిగించిన తాళం, మనిషి లోపలున్నాడో బయటున్నాడో చెప్పదు. మాస్టారు పక్కింటి లిఫ్టు మెకానిక్కును లేపుకొచ్చాడు. సంఘంలో మాస్టారు కాక ఉన్నది అతనొక్కడే.

"బాత్రూంలో పడిపోయుంటాడు. పగలగొట్టు!"

"కాసేపు చూద్దాం మాస్టారూ. బజారుకెళ్లాడేమో."

"రిబ్బను విప్పకుండా ఎలా వెళ్తాడయ్యా? నియమం ఉందిగా!"

మెకానిక్కు ఇనుప కడ్డీ తెచ్చాడు. తాళం ఊడింది, దాంతోపాటు తలుపు చెక్క కూడా కొంత ఊడింది. లోపల మనిషి లేడు. బాత్రూంలో కుళాయి సన్నగా కారుతోంది, కింద బకెట్టు పొర్లుతోంది. మాస్టారు దాన్ని కట్టేద్దామని గట్టిగా తిప్పాడు. కుళాయి తల చేతిలోకి వచ్చింది. నీళ్లు ఎగిరి ఆయన ముఖానికి కొట్టాయి.

"వాల్వు! వాల్వు ఎక్కడ?"

"మెట్ల దగ్గర పెట్టెలో. కానీ అందులో చాలా..."

మాస్టారు అప్పటికే పరిగెత్తాడు. పెట్టెలో చక్రాలన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది ఎవరిదో తెలియక అన్నీ కట్టేశాడు. అపార్టుమెంటంతటికీ నీళ్లు ఆగిపోయాయి. తాత గదిలో చేరిన నీళ్లు మాత్రం గడప దాటి మెట్ల మీదుగా రెండో అంతస్తుకు దిగాయి.

ముందు రెండో అంతస్తు దర్జీ అక్క పైకొచ్చింది, తడిసిన బట్టల కట్టతో. పైనుంచి నాలుగో అంతస్తు డ్రైవరు దిగాడు, సబ్బు నురగ ముఖంతో. వాళ్లకు కనిపించింది విరిగిన తలుపు, కుర్చీలో తల పట్టుకుని కూర్చున్న మాస్టారు.

"ఏమైంది మాస్టారూ?"

"చెయ్యగలిగిందంతా చేశామమ్మా" అన్నాడు మాస్టారు, కుళాయి గురించి.

దర్జీ అక్క బట్టల కట్ట వదిలేసి గొల్లుమంది. "అయ్యో తాతా! నా మిషను చప్పుడు పడక నెలకోసారి తిట్టిపోసేవాడు. ఇంక నన్ను తిట్టేదెవరు?"

డ్రైవరు నురగ తుడుచుకున్నాడు. "ఏనాడూ నవ్వి ఎరగడు. అయినా ఒకరి జోలికి పోయే మనిషి కాదు."

"నెలకోసారి కాదు, వారానికోసారి" అంది వెనక నుంచి ఒక గొంతు.

గడియారాల తాత. చేతిలో చిన్న పొట్లం. దర్జీ అక్క ఏడుపు ఠక్కున ఆగింది. ఆయన బతికున్నందుకు కాసేపు ఆమెకు కోపమే వచ్చింది.

"కుళాయికి వాషరు కొనుక్కురావడానికి వెళ్లా" అన్నాడు తాత. గదిని చూశాడు. "ఇప్పుడు కుళాయే కొనాలి."

"మరి రిబ్బను ఎందుకు విప్పలేదు?" మాస్టారు లేచాడు.

"అది ముడా? గడియారాల్లో వెంట్రుకంత స్ప్రింగులు విప్పే చెయ్యి నాది. నీ ముడి విప్పలేక గోరు విరిగింది. కోసేద్దామంటే సంఘం ఆస్తి." తలుపు వైపు చూశాడు. "సరే, తలుపెందుకు విరగ్గొట్టారు? తాళంచెవితో తియ్యొచ్చుగా?"

"ఏ తాళంచెవి? మీరిస్తేగా!"

"మొన్ననే ఇచ్చానయ్యా. మీ ఆవిడకు."

సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య ఖాళీ బిందెతో పైకొచ్చింది. "నీళ్లు కట్టేసింది ఎవరండీ?"

అందరూ మాస్టారి వైపు చూశారు. మాస్టారు భార్య వైపు చూశాడు. "తాత తాళంచెవి నీ దగ్గరుందా?"

"ఉంది. కుట్టుసామాను డబ్బాలో."

"నాకెందుకు చెప్పలేదే?"

"బాబాయి గారు చెప్పొద్దన్నారు."

"అన్నాను" అన్నాడు తాత. "అమ్మాయీ, ఇది నీకే ఇస్తున్నా, మీ ఆయన చేతికి మాత్రం ఇవ్వకు అని కూడా అన్నాను."

"ఆయన అన్నదాంట్లో తప్పేముంది? మనింటి తాళంచెవి ఎన్నిసార్లు పోగొట్టారు?" అంది ఆమె. మెకానిక్కు కడ్డీని వీపు వెనక దాచుకున్నాడు.

సాయంత్రం మీటింగులో ఎవరూ ఉపన్యాసం అడగలేదు. దర్జీ అక్క మొదటి తాళంచెవి తెచ్చింది. తర్వాత డ్రైవరు, ఆ తర్వాత మిగతావాళ్లు. అందరూ మాస్టారిని దాటుకుని వెళ్లి ఆయన భార్య చేతిలో పెట్టారు. సంఘం నిలబడింది. మాస్టారికి రిబ్బన్లు కట్టే పని మిగిల్చారు, ఒక్క ముడే వెయ్యాలన్న షరతు మీద. కొత్త తలుపు వచ్చేదాకా తాత గది ముందు కుర్చీ వేసుకుని కాపలా ఉండటం మెకానిక్కు వంతు.

మర్నాడు పొద్దెక్కినా రిబ్బను విప్పని తలుపు ఒకటే కనిపించింది. అది మాస్టారిదే. తాత వెళ్లి చెవి ఆనించాడు. లోపల సామాన్లు బోర్లిస్తున్న చప్పుడు, "తలుపు తియ్యాలి, నా తాళంచెవి చూశావటే?" అన్న కేక వినిపించాయి.

"బతికే ఉన్నాడు" అని తాత మెట్లు దిగిపోయాడు.