కాటా అధికారి కునుకు

పుంతా మన్సా పౌరులందరికీ, ముఖ్యంగా మధ్యాహ్నం భోజనమయ్యాక కళ్ళు మూసుకునే వారందరికీ తెలియజేయడమేమనగా: బురికేత చేపలో మన ఊరి రికార్డు ఈ ఏడు కూడా పదిలంగా ఉంది. దాని యజమాని మాత్రం మారారు. ఆ వైనం ఇది.

పేరున్న చేపల రికార్డులన్నీ ఈ తీరంలోని పెద్ద ఊళ్ళు ఎప్పుడో పంచేసుకున్నాయి. మా మత్స్యవేట సంఘం పెద్దలు దీర్ఘంగా ఆలోచించి, ఎవరూ పట్టించుకోని చేపను ఎంచుకున్నారు. బురికేత ఒడ్డు పక్క ఇసుకలో తిరుగుతుంది. మూరెడు ఎదిగితే గొప్ప. గడ్డం కింద ఒకే ఒక్క మీసం, ఒళ్ళంతా ముళ్ళు. పోటీ లేని చోట ప్రథమ స్థానం ఎంత సులువుగా దక్కుతుందో అప్పుడే మాకు తెలిసింది. ఊరి మొదట్లో సిమెంటు బురికేతను కూడా నిలబెట్టారు. అది ఎద్దంత ఉంటుంది. నిజం చేపను చూపించమని ఎవరైనా అడిగితే, ఇప్పుడు సీజను కాదని చెప్పడం మా మర్యాద.

రికార్డు మా అన్నయ్య ఎవరిస్తోది. సంఘం కాటా కూడా ఆయన చేతిలోనే ఉండేది. ఆ కాటా మీద తూచిన చేపే చేప. కాటా అధికారి తూచిందే తూకం. ఆ రికార్డు చేపను పట్టిందీ, తూచిందీ అన్నయ్యే. మధ్యలో మరొకరు లేకపోవడం వల్ల పొరపాటుకు తావు లేకుండా పోయిందని సర్వసభ్య సమావేశం హర్షం ప్రకటించింది.

మా ఆయన అన్సెల్మో కూడా సంఘ సభ్యుడే. ఊళ్ళో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవరు, "ఎవరిస్తో గారి బావ" అంటారు. సంఘం గోడ మీది రికార్డుల చెక్కపలక పైన ఒక్కసారి తన పేరు చూసుకోవాలన్నది ఆయన కోరిక. పెళ్ళినాడు నన్ను చూసినప్పుడు కూడా ఆ ముఖంలో అంత కోరిక కనిపించలేదు.

ఫిబ్రవరిలో, అంటే మాకు నడివేసవిలో, ఒక ఆదివారం, ఊరంతా కునుకు తీసే వేళ, మా ఆయన గాలానికి ఒక బురికేత పడింది. నేను కళ్ళారా చూశాను. అది మామూలు బురికేత కాదు. బకెట్లో పట్టక తోక బయటికి పెట్టుకుని ఉంది.

"ఏమే, మీ అన్నయ్య పని అయిపోయింది!" అంటూ మా ఆయన పరుగెత్తారు. తడి గోనెపట్టా పట్టుకుని వెనకే నేను.

అన్నయ్య ఇంటి కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. మా ఊళ్ళో ఎవరింటికి వెళ్ళినా గేటు దగ్గర చప్పట్లు కొడతాం. కునుకు వేళ మాత్రం కొట్టకూడదు. ఇల్లు తగలబడుతుంటే కొట్టవచ్చునా అన్న విషయం మీద భిన్నాభిప్రాయాలున్నాయి.

"కొట్టండి," అన్నాను.

"ఎలా కొట్టనే? పడుకున్నాడు కదా."

"ఎండకి చేప ఆరిపోతోంది. ఆరిన కొద్దీ బరువు తగ్గుతుంది."

"తగ్గనీ. నిద్ర లేపితే రేపు ఊళ్ళో తలెత్తుకోగలనా?"

ఇంతలో కిటికీ సందులోంచి వదిన దెల్ఫీనా గొంతు వినిపించింది.

"తమ్ముడూ, ఇప్పుడే కన్నంటుకుంది ఆయనకి. పాపం, రాత్రంతా నడుం నొప్పి."

"పర్వాలేదక్కయ్యా, నిలబడతాను."

"చేప బాగానే ఉన్నట్టుందే?"

"చూడక్కయ్యా, నువ్వే చూడు!"

"నేనేం చూస్తాను తమ్ముడూ, నేనూ పడుకున్నానుగా."

తర్వాత లోపలి నుంచి గుర్ర్‌ర్ అని ఒక చప్పుడు వచ్చింది. మేమంతా గొట్టంతో పీల్చే ఆకు కషాయం, మాతే, అడుగంటాక గొట్టం చేసే చప్పుడు అది. మా అన్నయ్య నిద్రలో మాతే తాగుతాడన్న సంగతి చెల్లెలిగా నాకు అప్పటిదాకా తెలియదు. కాసేపటికి మళ్ళీ గుర్ర్‌ర్. గాఢ నిద్ర.

ఆనాటి కునుకు మా ఊరి చరిత్రలోనే పెద్దది. గోనెపట్టా ఎండిపోయింది. చేప మీసం వాడిపోయింది. మా ఆయన ముఖం కూడా.

ఎండ తగ్గాక అన్నయ్య ఆవులిస్తూ బయటికొచ్చాడు.

"అయ్యో బావా! ఎంతసేపయింది వచ్చి? లేపకూడదూ?"

చేపను కాటాకి తగిలించాడు. రికార్డుకి వెంట్రుకవాసి తగ్గింది. అన్నయ్య టోపీ తీసి, అప్పటికి నిద్ర లేచి గుమిగూడిన వీధివారి ముందు అక్కడే ఉపన్యసించాడు. "మిత్రులారా, బావగారి ప్రయత్నం మన క్రీడకే వన్నె తెచ్చింది. నా బావ గెలిస్తే అందరికన్నా ఎక్కువ సంతోషించేది నేనే. కానీ కాటాకి బంధుత్వాలు తెలియవు!" చప్పట్లు మోగాయి. కునుకు వేళ దాటింది కనుక అభ్యంతరం లేదు.

చేపను తాజాగా చూసినవారు ఉంటే చెప్పాలని సంఘం కోరింది. అంతా నిద్రలోనే ఉన్నారు. అయితే అన్సెల్మో చెమట ఏ చేత్తో తుడుచుకున్నదీ, గోనెపట్టాని ఎన్నిసార్లు తిరగేసిందీ మాత్రం వీధి వీధంతా వర్ణించి చెప్పింది. నా సాక్ష్యం చెల్లలేదు. భార్యని కనుక ఒక పక్షానికీ, చెల్లెలిని కనుక రెండో పక్షానికీ పనికిరాను. ఆవిధంగా ఆ మధ్యాహ్నం అక్కడ నేను లేనని తేలింది.

రాత్రికి ఆ చేపనే వేయించి అన్నయ్యని భోజనానికి పిలిచాను. ఆఖరి ముక్క నమిలి, ముల్లు పక్కన పెట్టి, చుట్టూ చూసి అన్నాడు:

"బావా, మనలో మాట. నీది నా దానికంటే పెద్దదేనోయ్."

మా ఆయన కళ్ళు చెమర్చాయి. పళ్ళెంలో అప్పటికి ముళ్ళే మిగిలాయి.

చలికాలానికి అన్నయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. న్యాయం కోసం అంతసేపు ఎండలో నిలబడిన మనిషికంటే అర్హుడెవరని సంఘం మా ఆయన్నే కాటా అధికారిగా ఏకగ్రీవంగా ఎన్నుకుంది. ఆ వారమే ఆయన అరచేతంత బురికేతను పట్టి, తానే తూచి, రికార్డు బద్దలుకొట్టారు. పలక మీద పేరెక్కింది. కాటా అదే. సమావేశం మళ్ళీ హర్షం ప్రకటించింది.

ఈరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కిటికీ రెక్కలు వేశాం. గేటు బయట ఎవరో కుంటుకుంటూ వచ్చి ఆగారు. సందులోంచి చూస్తే మా అన్నయ్య. చేతిలో బకెట్, బకెట్ బయటికి తోక.

"చెల్లీ! లేచాడా మీ ఆయన?"

"ఇప్పుడే కన్నంటుకుంది అన్నయ్యా. పాపం, రాత్రంతా నడుం నొప్పి."

మాతేలోకి వేడినీళ్ళు నేనే పోశాను. గొట్టం చప్పుడు కాకుండా తాగమని మా ఆయనకి సైగ చేశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆయన నా మాట విన్నారు.

అన్నయ్య ఇంకా నిలబడే ఉన్నాడు. ఎండ బాగానే ఉంది. మీరు కూడా ఆ సందు దగ్గర్నుంచి కాస్త వెనక్కి జరగండి. నిద్రపోతున్నవాళ్ళు బయటికి కనిపిస్తే బాగుండదు.