ఏడో గదితో రక్షణ ఒప్పందం

ఆరు గల్ఫ్ దేశాలు కలిసి ఒక మండలిగా ఏర్పడ్డాయని రేడియో చెప్పిన వారానికే, దుబాయ్ నైఫ్ బజారు వెనక ఒక మేడ మూడో అంతస్తులో ఆరు గదుల తెలుగువాళ్లు సంయుక్త రక్షణ మండలి స్థాపించారు. శత్రువు దొంగ. అప్పటికే ఒక గదిలో ఇస్త్రీపెట్టె, ఇంకో గదిలో గడియారం పోయాయి.

అందరికన్నా తొందరపడినవాడు కడప దర్జీ హయాత్ బాషా. నాలుగేళ్ల తర్వాత మొదటిసారి ఊరికి పోతున్నాడు. టేప్‌రికార్డరు, చీరలు, సబ్బులు సర్ది తాడు కట్టిన అట్టపెట్టె అతని మంచం కింద ఉంది. అది క్షేమంగా విమానం ఎక్కితే చాలు, మండలికి ఏ పేరు పెట్టినా అతనికి సమ్మతమే. పేరు తేలడానికి రెండు శుక్రవారాలు పట్టింది. అధ్యక్షుడెవరన్న దానికి ఆరు గదులూ ఆరు పేర్లు చెప్పాయి. ఆరుగురినీ అధ్యక్షుల్ని చేసి ఐక్యత కాపాడారు.

చిక్కల్లా ఏడో గదితో. అది మెట్ల మలుపులో ఉంది. ఎవరు ఎక్కినా దిగినా దాని గుమ్మం ముందునుంచే పోవాలి. అందులో ఉండేది కాకినాడ కృపాకర్, గోదాము కాపలాదారు. అంతస్తు మొత్తానికి లాఠీ ఉన్నది అతనొక్కడికే. బట్టలారేసే తాడు దగ్గర వచ్చిన తగాదాతో ఆరు గదులకూ అతనితో మాటల్లేవు. మండలి దొంగకన్నా అతనికే ఎక్కువ భయపడేది. అందుకని అతనితోనే ఒప్పందం చేసుకోవాలని తీర్మానించింది.

కృపాకర్ తలుపు సగమే తెరిచాడు.

"కాస్తానండి కాపలా. ఒక్కటే షరతు. మా చుట్టాలొస్తారు, పోతారు. ఎవరు, ఎక్కడికి అని మీవాళ్లు అడక్కూడదు. పోయినసారి మా బావమరిదిని దొంగని చూసినట్టు చూశారు."

"అట్లే కానీలే అన్నా. మావాళ్లను నువ్వూ అడగొద్దు మరి," అన్నాడు హయాత్ బాషా. మర్యాదలో కడప వెనకబడకూడదు కదా.

సంతకాల సభలో అధ్యక్షులు ఆరుగురూ ప్రసంగించారు. "పొరుగువాడి మీద నమ్మకమే మన ఆయుధం," అన్నారొకరు. లాఠీ ఏడో గదిలోనే ఉంది కనుక అది నిజమే.

మరుసటి శుక్రవారం భోజనాలయ్యాక అంతస్తంతా నిద్రపోయింది. మెట్ల దగ్గర ఉమ్మడి కాపలా. ఒక పక్క కృపాకర్, ఒక పక్క హయాత్ బాషా. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్న మనిషొకడు గదుల వైపునుంచి దుప్పటి మూటతో వచ్చి ఇద్దరికీ సలాం పెట్టాడు. ఏడో గది చుట్టానికి మా గదుల వైపు ఏం పనని హయాత్ బాషాకు సందేహం కలిగింది. అడిగితే ఒప్పందం భగ్నమవుతుంది. అడగలేదు సరికదా, మూట రెండో కొస పట్టి మలుపు దాటించాడు.

"బరువుగా ఉండాది, పైలం అన్నా," అన్నాడు.

సాయంత్రం మంచం కింద చెయ్యి పెడితే నేల తగిలింది.

"నీ చుట్టమేమో అనుకుంటి," అన్నాడు కృపాకర్‌తో.

"చొక్కా చూసి మీ అధ్యక్షుల్లో ఒకరి చుట్టమనుకున్నానండి."

మండలి అత్యవసరంగా సమావేశమైంది. ఒప్పందంలోని ప్రతి షరతూ అమలైందని, ఏ పక్షమూ రెండో పక్షాన్ని అవమానించలేదని హర్షం ప్రకటించింది. ఆ ఒప్పందాన్ని మనసారా నమ్మింది దొంగ ఒక్కడేనన్న సంగతి చర్చకు రాలేదు. నష్టపరిహారంగా హయాత్ బాషాను ఏడో అధ్యక్షుణ్ని చేశారు.

అతను ప్రయాణం మానుకున్నాడు. పెట్టె లేకుండా దిగిన మనిషిని ఊళ్లో గుర్తుపట్టేదెవరు? అధ్యక్షుణ్నయ్యాను, తీరిక లేదు అని కబురు పెట్టాడు. ఊరు సంతోషించింది. అంతటివాడయ్యాక ఈసారి రెండు పెట్టెలు తెస్తాడులే అని చెప్పుకున్నారు.

మనిషి ఎప్పుడొస్తాడని అడిగింది అతని భార్య జైబున్నీసా ఒక్కతే.