డాక్టరుగారి కణజాల భాండాగారం

"మూగజీవి మరణం ఇకపై వృథా పోరాదు! చచ్చిన ప్రతి పశువూ శాస్త్రానికి సేవ చేయవలసిందే!"

పందొమ్మిది వందల ఎనభై ఏడు ఎండాకాలంలో, ఆత్మకూరుకు బస్సులో ముప్పావుగంట దూరాన ఉన్న ఒక మండల కేంద్రంలో, పశువుల దవాఖాన అరుగు మీద నిలబడి డాక్టర్ మొయినుద్దీన్ ఈ ప్రకటన చేశారు. విన్నవారు ముగ్గురు మనుషులు, రెండు బర్రెలు. బర్రెలు సూదిమందుకు వచ్చాయి. మనుషులు బర్రెల వెంట వచ్చారు.

సంగతేమిటంటే, దవాఖానకు పైనుంచి ఒక ఫ్రిజ్ వచ్చింది. రోగంతో చచ్చిన పశువుల కాలేయం ముక్కలూ అవీ సీసాల్లో పెట్టి, చల్లగా దాచి, పరిశోధనకు పంపాలని ఉత్తరువు. కాగితం మీద దాని పేరు 'నమూనాల నిల్వ సదుపాయం'. ఆ పేరులో గాంభీర్యం చాలలేదని డాక్టరుగారు పెయింటరును పిలిపించి 'పశు కణజాల భాండాగారం' అని బోర్డు రాయించారు. బోర్డు గది కన్నా వెడల్పయింది.

అప్పటికి ఆ ఊళ్ళో ఫ్రిజ్‌లు రెండే. ఒకటి సోడాల దుకాణంలో ఉంది, రెండోది శాస్త్రం కోసం వచ్చింది. అంతవరకూ పశువుల డాక్టరంటే ముక్కు చిట్లించిన పెద్దమనుషులకు హఠాత్తుగా ఆయన మీద ప్రేమ పుట్టింది! ఎమ్మార్వోగారి ఇంటి నుంచి పెరుగు వచ్చింది. ఎస్సైగారి ఇంటి నుంచి మల్లెమొగ్గలు వచ్చాయి. కాదనడం మర్యాద కాదు గనుక, పై అర శాస్త్రానికి, కింది అర సంఘానికి అని డాక్టరుగారు విభజించారు. వారం తిరగకుండానే సంఘం పై అరలోకి కూడా పాకింది.

ఇట్లా ఉండగా బీరప్ప వచ్చాడు. ఎనభై గొర్రెల మంద అతనిది. నాలుగు రోజుల్లో తొమ్మిది పోయాయి. గొంతు వాయడం, గురకపెట్టడం, కూలబడటం. పదోదాన్ని చచ్చింది చచ్చినట్టే భుజాన వేసుకొని నాలుగు కోసులు నడిచొచ్చాడు. గొంతువాపు రోగమని డాక్టరుగారికి చూడగానే తెలిసింది. తెలిస్తే ఏం లాభం? ప్రయోగశాల కాగితం మీద రాసి ఇస్తే తప్ప జిల్లా నుంచి టీకా కదలదు.

"సార్, గీ జీవాలు పోతె మా పొయ్యిల పిల్లి లెవ్వదు. జర జల్ది చెయ్యండ్రి" అన్నాడు బీరప్ప.

భాండాగారం ఉండగా నీకేం ఫికర్ అని డాక్టరుగారు అభయమిచ్చారు. గొర్రెను కోసి, కాలేయం ముక్క తీసి, సీసాలో పెట్టి, చీటీ అంటించి, ఎమ్మార్వోగారి పెరుగు పక్కకు జరిపి, పై అరలో ప్రతిష్ఠించారు. ఎల్లుండి పొద్దున జిల్లా నుంచి జాయింట్ డైరెక్టరుగారు స్వయంగా వచ్చి నమూనా తీసుకుపోతారు. అంతా దివ్యంగా ఉంది.

మధ్యలో ఒక్కరోజే అడ్డం. ఆ రోజు డాక్టరుగారి ఇంట్లో రంజాన్ ఉపవాసం విడిచే ఇఫ్తారు విందు. ఎమ్మార్వో, ఎస్సై ఇద్దరూ వస్తామన్నారు. వాళ్ళు తన గడప తొక్కడం ఆయన జన్మలో అదే మొదలు! షర్బత్ కూజాలు, కోసిన కర్బూజ, మంచుగడ్డలు అన్నీ తెచ్చి పెడితే ఫ్రిజ్ తలుపు పడలేదు. ఒక్క సీసా తీస్తే పడుతుంది. డాక్టరుగారు స్వహస్తాలతో ఆ సీసా తీసి కిటికీలో పెట్టారు.

కాంపౌండరు ఇస్రాయేలు ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. ఎండ మండుతున్నదని నెమ్మదిగా గుర్తుచేశాడు. ఒక్క పూటకు శాస్త్రం ఓర్చుకుంటుందిలే అని చెప్పి డాక్టరుగారు అతన్ని ఇంటికి పంపేశారు.

ఇఫ్తారు అద్భుతంగా జరిగింది. ఎమ్మార్వోగారు షర్బత్ తాగి, ఇంత చల్లదనం హైదరాబాదులో కూడా లేదన్నారు. ఆ మాట విన్న ఆనందంలో సీసా సంగతి ఎవరికి గుర్తుంటుంది? తెల్లారి కిటికీ నిండా కాకులు. మూత తీస్తే, కళేబరాల మధ్యనే సర్వీసంతా గడిపిన ఇస్రాయేలు కూడా బయటికి ఉరికాడు. ఇంకో నమూనా తెద్దామంటే మంద నాలుగు కోసుల దూరం, జాయింట్ డైరెక్టరుగారు గంటలో దిగుతారు.

డాక్టరుగారు నేరుగా మెహమూద్ మటన్ దుకాణానికి నడిచారు. కిలో కలేజీ, అంటే గొర్రె కాలేయమే, కావాలన్నారు. గొర్రె మంచిదేనా అని కూడా అడిగారు. మెహమూద్ నొచ్చుకున్నాడు. వేలాడుతున్న తొడ మీది ఊదారంగు ముద్ర చూపించాడు.

"మీ ముద్ర పడ్డంక గూడ అనుమానమా సార్?"

రోజూ తెల్లవారుజామున డాక్టరుగారు వచ్చి, గొర్రెను చూసి, ఆరోగ్యంగా ఉంటేనే ఆ ముద్ర వేయాలి. నిరుడు చలికాలంలో లేవలేక, రెండు రోజులు నీ దగ్గర పెట్టుకొమ్మని ముద్ర దిమ్మను మెహమూద్ చేతికిచ్చారు. అప్పటి నుంచి అది దుకాణంలోనే ఉంది. సొంత ముద్రను తానే శంకించడం బాగుండదని ఆయన కలేజీ అందుకున్నారు.

దారిలో బుద్ధి పనిచేసింది. మంచి గొర్రె ముక్క పంపితే రోగం లేదని రాస్తారు. రోగం లేకపోతే టీకా రాదు. టీకా రాకపోతే బీరప్ప మందలో ఒక్కటీ మిగలదు. ఇదంతా తెలిసిన మనిషే ఇంటికొచ్చి, ముక్క కోసి సీసాలో పెట్టి, పాత చీటీయే అంటించాడు. ఛీ, నాకన్నా ఆ కాకులు నయం, వాసన దాచలేదు అనుకున్నారు డాక్టరుగారు. అనుకుంటూనే మూత గట్టిగా బిగించారు.

ఇంత తాజా నమూనా నా సర్వీసులో చూడలేదని జాయింట్ డైరెక్టరుగారు మెచ్చుకున్నారు. మిగతా కలేజీని డాక్టరుగారి భార్య అజీజా బేగం వేపుడు చేసి పెడితే రెండుసార్లు అడిగి వడ్డించుకున్నారు. ఉపవాసంలో ఉన్న డాక్టరుగారు పక్కన నిలబడి విసనకర్రతో విసిరారు.

ఆ తరువాత బీరప్ప రోజూ వచ్చి రిపోర్టు అడగడం, డాక్టరుగారు గోడ వంక చూసి జవాబు చెప్పడం. ఆరో రోజుకు ఇంకో ఏడు గొర్రెలు పోయాయి. ఇక ఆగలేక జిల్లా కార్యాలయానికి ఉత్తరం రాయడానికి కూర్చున్నారు. మొదటిదాంట్లో తప్పు కరెంటుది. చించేశారు. రెండోదాంట్లో తప్పు ఇస్రాయేలుది. సిగ్గేసి అదీ చించేశారు. మూడోదాంట్లో నిజం రాసి, సంతకం చేసేముందు కలం సిరా మంచిదేనా అని పరీక్షిస్తూ ఉండగా బయట జీపు ఆగింది.

జీపులో టీకా సీసాలున్నాయి. కాగితం కూడా ఉంది. 'నమూనాలో గొంతువాపు నిర్ధారణ అయినది. నిల్వ చేసిన విధానం ఇతర దవాఖానలకు ఆదర్శప్రాయము.'

డాక్టరుగారు కాగితం రెండుసార్లు చదివారు. ఇస్రాయేలును వెంటబెట్టుకొని మంద దగ్గరికి ఉరికారు. చీకటి పడకముందే అన్నిటికీ టీకాలు వేయాలి. నలభయ్యో గొర్రెకు సూది గుచ్చుతూ, మెహమూద్‌కు ఈ మధ్య ఏమైనా అమ్మినావా అని బీరప్పను మెల్లగా అడిగారు.

బీరప్ప తల వంచుకున్నాడు.

"తిట్టకుండ్రి సార్. మీకు ముక్క ఇచ్చిన మర్నాడు ఒకదానికి గొంతు వాచింది. ఊపిరుండంగనే మెహమూద్ సేటుకు అమ్మిన. ఎవలు తింటరో, ఏమైతదో అని గుబులు వట్టింది. తెల్లారి పోయి చూసిన. తొడ మీద మీ ముద్ర కనవడ్డది. డాక్టర్ సాబే చూసిండంటె ఇగ నాదే ఉత్త అనుమానమనుకున్న. మా మనుమరాలు కూర కూర అని ఏడుస్తాంది. అర్ధకిలో నేను గూడ కొనుక్కపోయిన."

డాక్టరుగారి చేతిలో సూది ఆగిపోయింది. పిల్ల ఎట్లుందని అడిగారు.

"మంచిగనే ఉంది సార్. ఆడుకుంటాంది" అంటూ బీరప్ప రెండు చేతులూ జోడించాడు. "మీ ముద్ర చల్లగుండ!"