వారానికి ఒక గ్లాసు నీళ్లు

ఏప్రిల్ నెల మొదటి సోమవారం మిషను బడి పంతులు ఏసురాజు పొద్దున్నే చేయదలచుకున్న పనులు రెండే: వేంపల్లె బంగళాలో ఉండే మిస్సమ్మను నీలగిరి కొండలకు సాగనంపడం, ఇంటికొచ్చి సంగటి తినడం. బండి కదలబోతుండగా ఆమె ఒక మట్టి కుండీ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. అందులో మూరెడేసి ఆకులు కత్తుల్లా నిటారుగా లేచి ఉన్నాయి. వాటి అంచులు పసుపుపచ్చన.

"వారమునకు ఒక గ్లాసు నీరు పోయవలెను. నేను జూన్ మాసములో వచ్చెదను," అంది మిస్సమ్మ. ఆమె తెలుగు నేర్చుకున్నది పుస్తకాల్లో.

మిస్సమ్మ మాట మీద కొత్త హెడ్మాస్టరు ఎవరో తేలేది కూడా జూన్‌లోనే. ఇదంతా తనకు పెట్టిన పరీక్షేనని ఏసురాజు తేల్చుకున్నాడు. కుండీని అరుగు మీద పెట్టి భార్యను పిలిచాడు.

"సంతోషమ్మా, దీన్ని ఎవురూ ముట్టుకోగూడదు. ఆదివారం ప్రార్థన అయినాక నేనే నీళ్లు పోస్తా."

మూడో రోజుకే సంతోషమ్మ మనసు కరిగింది. రాళ్లు పగిలే ఎండలో ఆ మొక్క అట్లా నిలబడి ఉంటే చూడలేక, మధ్యాహ్నం భర్త కునుకు తీసే వేళ బియ్యం కడిగిన నీళ్లు పోసింది. పక్కింటి మహాదేవమ్మ అవ్వ సాయంత్రం అటుగా వచ్చి, "అయ్యో, ఎంత దప్పికైందో!" అని చెంబెడు మజ్జిగ పోసింది. ఏసురాజుకు కూడా, మిస్సమ్మ ఆ లెక్క చల్లటి దేశానికి చెప్పి ఉంటుందని అనుమానం వచ్చింది. తను పెట్టిన కట్టుబాటు తనే తప్పడం బాగుండదు గనుక తెల్లవారుజామున ఎవరూ లేవకముందే పోసేవాడు. కుండీ కింద తడి చూసిన అవ్వ, పాపం ఎండకు మొక్కకు చెమట పట్టిందనుకుంది.

ఆకులు వాడేకొద్దీ ముగ్గురూ ఎవరికి వారు నీళ్లు పెంచారు. మే నెల నడుమ ఏసురాజు ఒక ఆకును పట్టుకుంటే ఉడికిన వంకాయలా చేతిలోకి ఊడివచ్చింది.

"ఈ మజ్జిగ వాసన యాడిది?" అన్నాడు.

అవ్వ తల వంచుకుంది. "రోంతే పోస్తి నాయనా."

"నేనూ రోజూ మద్దేనం కడుగునీళ్లు పోస్తాంటి," అంది సంతోషమ్మ.

ఏసురాజు ఊడిన ఆకును కుండీ పక్కన పెట్టాడు. తర్వాత, "పొద్దున పోసింది నేనే," అన్నాడు.

ఉపాయం చెప్పింది స్నేహితుడు అయ్యన్న. "మా చేని గట్టున తాళ్లకు నార తీసే కిత్తనార పిలకలుండాయప్పా. అచ్చం కత్తుల మాదిరే ఉంటాయి. ఆయమ్మకేం తెలుస్తాది?"

పిలక తెచ్చి, ముళ్లు కత్తిరించి కుండీలో నాటారు. పసుపుపచ్చ అంచుల కోసం ఏసురాజు పసుపు కలిపాడు. గట్టిగా అంటుకుంటుందని అయ్యన్న అందులో సున్నం వేశాడు. అది ఎర్రగా మారుతుందని వంటింట్లో ఉన్న సంతోషమ్మకు తెలుసు గానీ ఆమెను అడగాలని ఇద్దరికీ తోచలేదు. కడిగితే ఎరుపు ఆకంతా పాకింది. రేపు చూద్దాంలెమ్మని పడుకున్నారు.

పొద్దున్నే అవ్వ వచ్చి చూసింది. నిన్న చచ్చిన మొక్క ఇవాళ బలంగా, ఒళ్లంతా ఎర్రగా నిలబడి ఉంది. మూడుసార్లు చుట్టూ తిరిగి దండం పెట్టుకుంది. ఆ రోజే ఆమె మోకాళ్ల నొప్పి తగ్గింది. శుక్రవారానికి అరుగు ముందు టెంకాయలు, నిమ్మకాయలు, సాంబ్రాణి పొగ. జనం వరుస వీధి మలుపు దాటింది.

"అవ్వా, ఇది కిత్తనార!" అని ఏసురాజు మొత్తుకున్నాడు.

"అట్ల అనగూడదు నాయనా, కండ్లు పోతాయి."

మిషను పాదిరి గారికి తెలిస్తే హెడ్మాస్టరు పని సంగతి దేవుడెరుగు, ఉన్న పని కూడా ఊడుతుంది. ఎవరో రెండు చేతుల్లో రెండు టెంకాయలు పెట్టిపోతే ఏం చేయాలో తెలియక ఏసురాజు అట్లాగే నిలబడి ఉండగా బంగళా బండి వచ్చి ఆగింది. కొండల్లో వానలు ముందే పట్టుకున్నాయని మిస్సమ్మ పది రోజులు ముందుగా తిరిగివచ్చింది.

"ఇది ఏమి, ఏసురాజు గారూ?"

ఏసురాజు బియ్యం కడిగిన నీళ్ల దగ్గర్నుంచి సున్నం దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. మిస్సమ్మ కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ, బండి చక్రం పట్టుకుని మరీ నవ్వింది.

"నిరుడు నేను బడికిచ్చిన ఇరువది వేప మొక్కలకు మీరు నీరు పోయుట మరచితిరి, అవి ఎండినవి. ఈ మొక్కకు మరచువాడే కావలెను. అందుచేత మీకు ఇచ్చితిని," అంది. "మీరు నా కొరకు ఇంత శ్రద్ధ చూపుదురని నేను తలంచలేదు."

ఏసురాజు చెవులు ఎర్రబడ్డాయి. "తప్పు నాదేనమ్మా."

"నిజము చెప్పితిరి. హెడ్మాస్టరు పని మీకే ఇమ్మని వ్రాసెదను. చెట్లను మాత్రము ముట్టవలదు."

అంతలో అవ్వ ముందుకొచ్చి చేతులు జోడించింది. "అమ్మా, ఈ తల్లిని నాకిచ్చేయి. ఈ అరుగు మీద ఈమెకు మర్యాద ల్యాదు."

మిస్సమ్మ కుండీతో సహా ఇచ్చేసింది. అవ్వ దాన్ని ఊరికి కోసెడు దూరంలో ఒక గుట్ట మీద నాటింది. అంత దూరం నీళ్లు మోసే ఓపిక ఎవరికీ లేకపోవడంతో అది బ్రహ్మాండంగా పెరిగింది.