మేనేజరుగారి నీలం ఫోటాన్లు

ఆ రోజు పొద్దున మేనేజరుగారు పెట్టుకున్న పని ఒక్కటే. ఛైర్మన్ తనిఖీకి వచ్చేలోగా సిబ్బందిలో కాస్త చలనం తేవాలి. ఆయనది బీమా ఆఫీసు. భోజనాలయ్యాక అక్కడ ఫ్యాన్లు తప్ప ఏవీ తిరగవు.

టిఫిను దగ్గర ఈ గోడంతా బావమరిదికి వెళ్లబోసుకున్నాడు. బావమరిది కాలేజీలో ఫిజిక్సు లెక్చరరు. పాఠం చెప్పే సందు దొరికితే అయినవాళ్లనైనా వదలడు.

"వెలుగంటే ఫోటాన్లు బావగారూ. బుల్లి శక్తి పొట్లాలనుకోండి. ఎర్ర పొట్లంలో శక్తి తక్కువ, నీలం దాంట్లో ఎక్కువ. కొన్ని లోహాల మీద ఎర్ర ఫోటాన్లు ఎన్ని కుమ్మరించినా ఒక్క ఎలక్ట్రాను కదలదు. అదే నీలం ఫోటాన్ ఒక్కటి తగిలితే చాలు, లేచి పరిగెడుతుంది."

"అచ్చం మా ఆఫీసేరా!" అంటూ మేనేజరు చెయ్యి కడిగేశాడు.

"ఆగండి, అది లోహాల సంగతి..."

మిగతా పాఠం గుమ్మం విన్నది.

సిబ్బంది భోజనాల గదిలో ఉండగా ఎలక్ట్రీషియన్ ఆఫీసులో ట్యూబులైట్లు పీకి నీలం లైట్లు బిగించాడు. ఎండలోంచి ఎర్ర ఫోటాన్లు చొరబడతాయని మేనేజరు కిటికీలకు తెరలు కూడా దింపించాడు.

భోజనాలయ్యాక క్యాషియరు తలెత్తి టైపిస్టు వంక చూశాడు. ఆమె మొహం నీలం. ఎర్ర లిప్‌స్టిక్ వేసుకున్న పెదాలు నల్లగా ఉన్నాయి.

"ఏం తిన్నావమ్మా?"

"నా డబ్బాలోదే. అయ్యో, మీ మొహమేంటండీ అలా ఉంది?"

రోజూ ఆమె డబ్బాలో సగం ఖాళీ చేసేది క్యాషియరే. పరిగెత్తి అద్దంలో చూసుకున్నాడు. "విషం!" అని కేక పెట్టాడు. అకౌంటెంటు ఆ డబ్బా ముట్టలేదు, మంచినీళ్లు తాగాడంతే. ఆయనా నీలంగానే ఉన్నాడు గనుక విషం నీళ్లలోనూ ఉందని తేలిపోయింది. లైట్ల సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఆఫీసులో ఆలోచించే అలవాటు తప్పి చాలాకాలమైంది.

"కంగారు పడకండి, అదంతా శక్తే!" అంటూ మేనేజరు ఎదురొచ్చి నవ్వాడు. ఆ నీలం పళ్లు చూశాక ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయి, ఆఫీసు ఆఫీసంతా మెట్ల మీదుగా వీధిలో పడింది.

సరిగ్గా అక్కడే ఛైర్మన్ కారు ఆగింది. ఎండలో అందరి మొహాలూ మామూలుగా ఉన్నాయి, మేనేజరుది తప్ప. ఉద్యోగం ఊడిందనుకుని ఆయన పాలిపోయాడు.

"ఏమయ్యా, వీళ్లు పరిగెత్తగా చూడడం ఇదే మొదలు! ఏం పెట్టి కదిలించావు?" అన్నాడు ఛైర్మన్.

"నీ... నీలం ఫోటాన్లండి."

"భేష్! అంతకన్నా శక్తి ఉన్నదేదైనా ఉందా?"

మేనేజరు బావమరిదికి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు.

"అతినీలలోహితం ఉంది బావగారూ. అయితే అది కంటికి కనబడదు. పైగా ఒంటికి..."

ఛైర్మన్ ఫోను లాక్కుని పెట్టేశాడు. "కనబడదా! మరి లైట్లు దండగ కదయ్యా?"

మేనేజరుకి ప్రమోషన్ వచ్చింది. అన్ని బ్రాంచీల్లోనూ లైట్లు తీసేశారు. కొత్త వెలుగు చాలా బాగా కనబడుతోందని బ్రాంచి మేనేజర్లందరూ రాసి పంపారు.