తెరకు కుడివైపున ఓగిదాని

కువనోసె పట్టణ కార్యాలయం పౌర సౌకర్యాల విభాగంలోని లాప్‌టాప్ తెర, వానలు మొదలైన వారంలో, కుడి సగం నల్లబడిపోయింది. ఈ సంగతి ప్రజలకు వెంటనే తెలియజేయాలని కార్యాలయం ఎంతో ఆత్రపడింది. అయితే ప్రకటన ముసాయిదా కూడా ఆ కుడి సగంలోనే ఉండిపోవడంతో వీలుపడలేదు.

పట్టణం పటం ఆ లాప్‌టాప్‌లోనే ఉంటుంది. చెత్త బండి ఏ వీధికి వెళ్లాలో, ఏ గుంట పూడ్చాలో మావాళ్లు దాన్ని చూసే నిర్ణయిస్తారు. పటంలో కుడివైపు, వాగు అవతల, అడవి అంచున ఓగిదాని అనే పేట ఉంది. ఉంది అనడం తొందరపాటు. తెర నల్లబడిన రోజు నుంచి అది పరిశీలనలో ఉంది.

విభాగాధిపతి షిబుకవ గారు అనుభవజ్ఞులు. మొదట తెర తుడిచారు. మూత వేసి తీశారు. ఆ పైన లాప్‌టాప్‌ను తలకిందులు చేసి చూసి, లోపం ఎడమవైపుకు మారిందని నమోదు చేశారు. ఇంత చురుకైన లోపాన్ని పట్టుకోవడం ఒక్కరివల్ల కాదు కనుక నిర్ధారణ సంఘం వేశారు. నిష్పక్షపాతానికి భంగం రాకూడదని కంప్యూటర్లు తెలిసినవాళ్లను అందులోకి రానివ్వలేదు.

లాప్‌టాప్‌ను వేరే తెరకు తగిలించి చూడాలనీ, అక్కడ బొమ్మ పూర్తిగా వస్తే జబ్బు ఈ తెరదేననీ ఎవరో అన్నారు. వేరే తెర పర్యాటక విభాగం దగ్గర ఉంది. దాని మీద పగలంతా ఎండబెట్టిన పండ్ల పండుగ వీడియో ఆడుతూ ఉంటుంది. పండుగను కాసేపు ఆపడానికి కావలసిన ముద్రలన్నీ పడేసరికి వానలు ముదిరాయి. చివరికి తీగ తగిలించారు. ఇళ్లు, వాగు, వంతెనతో సహా ఓగిదాని మొత్తం పెద్ద తెర మీద ప్రత్యక్షమైంది. సంఘం సభ్యులు లేచి నిలబడి నడుం వంచి నమస్కరించారు. షిబుకవ గారు తమ నిర్ధారణ వినిపించారు: ఓగిదాని పర్యాటక విభాగం తెర మీద కనిపిస్తోంది కనుక అది పర్యాటక విభాగం పరిధిలోనిది. చూడదగ్గ వింత ఏదీ లేని పేటను తాము తీసుకోలేమని పర్యాటక విభాగం తీగ పీకేసింది.

అదే గదిలో పనిచేసే గుమాస్తా కజితానీ మినోరి ఇదంతా చూస్తూ కూర్చుంది. ఆమెది ఓగిదానే.

"సార్, మా ఇల్లు అక్కడే ఉంది. పొద్దున అక్కణ్ణించే వచ్చాను" అంది.

"నువ్వు వచ్చావు, కాదనను కజితానీ. ఎక్కణ్ణించి వచ్చావన్నదే తేలాలి" అన్నారు షిబుకవ గారు, తండ్రిలాంటి ఆప్యాయతతో.

చెత్త బండి ఓగిదానికి వెళ్లడం మానేసింది. తర్వాత వాగు పొంగి వంతెనను పట్టుకుపోయింది. మినోరి నాయనమ్మ హత్సుయె, డొంకదారిన కొండ చుట్టి, మోకాళ్ల దాకా తడిసి, బురదతో కార్యాలయానికి వచ్చింది. రేగుపళ్ల ఊరగాయ సీసా బల్ల మీద పెట్టి, వంతెన పోయిందని చెప్పింది. ఎక్కడో చూపించమన్నారు షిబుకవ గారు. ఆవిడ తెర నల్లసగం మీద వేలు పెట్టింది.

"అక్కడ వాగే లేదు పెద్దమ్మా. వాగు లేనిచోట వంతెన ఎట్లా పోతుంది?"

"మరి నేను దేంట్లో తడిశాను నాయనా?"

ఆయన కిటికీలోంచి చూసి, వాన అని రాసుకున్నారు. మనవరాలు తెర మీద వేలిముద్ర తుడుస్తూ తల ఎత్తలేదు. హత్సుయె తన సీసాను తిరిగి తీసుకుపోయింది.

ఓగిదాని వాళ్లు దేవదారు చెట్లు కొట్టి వాళ్లే వంతెన కట్టుకున్నారు. అది కదలలేదు. గొయ్యి తవ్వి చెత్త వేశారు, ఆ ఎరువుకు గుమ్మడిపాదులు ఇళ్లెక్కాయి. పన్ను నోటీసులు రాలేదు. తనిఖీలు రాలేదు. విపత్తు సంసిద్ధత మీద ఉపన్యాసం ఇవ్వడానికి కూడా ఎవరూ రాకపోవడంతో జనం ఆరోగ్యంగా ఉన్నారు. వంతెన పక్కన హత్సుయె నూడుల్స్ కొట్టు పెట్టింది. సెలవు రోజుల్లో షిబుకవ గారు కుటుంబంతో వెళ్లి రెండేసి గిన్నెలు తిని వచ్చేవారు. లేని ఊళ్లో తినడం నిబంధనలకు విరుద్ధం కాదు.

ఆకులు ఎర్రబడే కాలానికి ఎన్నికలు వచ్చాయి. ఓగిదానిలో ఓటర్లున్నారనీ, ప్రత్యర్థి అప్పటికే అక్కడ నూడుల్స్ తింటున్నాడనీ మేయర్ ఓమురో గారికి తెలిసింది. ఆయన కార్యాలయం మెట్ల మీద నిలబడి గద్గద స్వరంతో ప్రసంగించారు: "ఓగిదాని నా గుండెలో ఉంది. నా గుండెలో ఉన్నది తెర మీద లేకపోవడాన్ని నేను ఒక్క క్షణం కూడా సహించను."

రిపేరు కొట్టు అతన్ని పిలిచారు. అతను వచ్చి, తెర పోయిందండీ అని, కొత్తది బిగించి, ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. నిర్ధారణ సంఘం కృషి ఫలించిందని కార్యాలయం ప్రకటించింది.

ఓగిదాని కనిపించింది. అనుమతి లేని వంతెన కనిపించింది. లైసెన్సు లేని కొట్టు, నిషిద్ధమైన గొయ్యి, చెల్లించని పన్నులు, అన్నీ చక్కటి రంగుల్లో కనిపించాయి. నాయనమ్మ పేరిట నోటీసు మీద ముద్ర వేయవలసిన పని మినోరికే పడింది. ఆమె దాన్ని టపాలో పంపలేక, సాయంత్రం తనే తీసుకెళ్లి ఇచ్చింది. హత్సుయె పొయ్యి ఆర్పి, కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"మమ్మల్ని చూడ్డానికి మీ ఆఫీసోళ్లు ఎంత కష్టపడ్డారే, పాపం" అంది.

మేయర్ గారు గెలిచారు. వంతెన కూల్చారు. కొత్త వంతెన ప్రతిపాదన పరిశీలనలో ఉంది. మినోరి తెల్లవారకముందే లేచి, కొండ చుట్టి పనికి వస్తోంది. ఆలస్యమైనందుకు సంజాయిషీ ఇస్తోంది.

ఈలోగా పట్టణం ఎడమ సగం వాసులు సంతకాలతో ఒక వినతిపత్రం ఇచ్చారు. ఇన్నాళ్లూ ఆ సౌకర్యం ఒక్క పేటకే ఇవ్వడం అన్యాయమనీ, తమ వైపు కూడా వంతులవారీగా నల్లబరచాలనీ కోరారు. ప్రజలకు ఇలాంటి కోరిక ఎందుకు పుట్టిందో, ఆ లోపం వాళ్లలో ఏ భాగంలో ఉందో తేల్చడానికి షిబుకవ గారి అధ్యక్షతన కొత్త సంఘం కూర్చుంది.

మీ ఊరి కార్యాలయంలో తెర నిక్షేపంగా ఉందని మీరు నిశ్చింతగా ఉండి ఉంటారు. వీలున్నప్పుడు వెళ్లి, మీ వీధి కనిపిస్తోందేమో చూసుకోండి. కనిపిస్తుంటే, మా ప్రగాఢ సానుభూతి.